ఎండ వెంట నడిచిన మేకులు

మా అమ్మకి బొమ్మ ఉంది గాని, బొమ్మలో ముఖం లేదు. ఉన్నదల్లా వీపు. ఈ సంగతి మా బంధువర్గం మొత్తానికి తెలుసు. శ్రీకాకుళం నుంచి బాగ్‌బేరా దాకా రైలు పట్టాల పొడుగునా చల్లుకుపోయిన మావాళ్ళలో ఆ వీపు చూడనివాళ్ళు ఒక్కరూ లేరు. కాని అమ్మ పోయి ఏడాది కావస్తూ, సంవత్సరీకం నాడు పీట మీద పెట్టడానికి పటం కావలసి వచ్చేసరికి గాని అందులో ఉన్న చిక్కు మాకు తెలియలేదు.

"అక్కా, ఫొటో ఒక్కటీ లేదే" అని తమ్ముడు శీను ఫోన్లో గోలపెట్టాడు. నిజమే. కెమెరా కనబడితే అమ్మ మాయమయ్యే వేగాన్ని కొలిచే పరికరం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నా పెళ్ళి ఆల్బం అంతా వెతికితే దొరికింది ఒక మోచెయ్యి, రెండు చీర చెంగులు, తాంబూలం పళ్ళెం పట్టుకున్న ఒక అరచెయ్యి. చేతిలో ఫోనున్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరైపోయిన ఈ రోజుల్లో కూడా, మనవలు ఫోనెత్తేలోగా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. చివరికి మిగిలింది ఆధార్ కార్డు. శీను దాన్నే స్టూడియోలో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాడు. అందులో ఉన్నావిడ మా అమ్మ కాదు, మా అమ్మని ఎత్తుకుపోయి దొరికిపోయిన మనిషిలా ఉంది. దాన్ని తీసుకెళ్ళి మా నాన్న ముందు పెడితే, ఎనభై అయిదు దాటిన ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అడిగాడు: "ఈవిడెవులు?"

ఆ ఒక్క మాటకి నేను విశాఖలో రైలెక్కాను. ప్రపంచంలో మా అమ్మ ముఖం గియ్యగలిగిన మనిషి ఒక్కడే మిగిలాడు. బాగ్‌బేరాకి అవతల గోవింద్‌పూర్‌లో ఉంటున్న మా సింహాచలం చిన్నాన్న. ఆ వీపు వేసినవాడు ఆయనే.

చిన్నాన్న మా నాన్నకి తమ్ముడు. యార్డులో వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటరు. ఆయన రాసిన అంకెలు దేశమంతా తిరిగొచ్చేవి. ఆయన మాత్రం బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక గదిలోనే ఉండేవాడు. చెవి తమ్మె మీద ఎప్పుడూ ఒక తెల్ల రంగు చుక్క. అది పుట్టుమచ్చ అని నేను పదేళ్ళొచ్చేదాకా నమ్మాను. అంకెలు రాయడం పొట్టకోసం. ప్రాణం మాత్రం బొమ్మల్లో ఉండేది. తేయాకు పెట్టెల ప్లైవుడ్ ముక్కలు తెచ్చుకుని, సాక్చీ బజారులో కొన్న రంగుల గొట్టాలు బొటనవేలితో ఆఖరి చుక్కదాకా పిండి, కళ్ళెదుట ఏముంటే అది వేసేవాడు. తీగ మీద ఆరేసిన తడి చీర. చేటలో బియ్యం. వానకి ముందు ఖర్కాయి నది మీద పడే పసుప్పచ్చ వెలుగు. మోదుగ పువ్వు రాలి బురదలో పడి ఉంటే, ముందు బురద వేసి తరవాత పువ్వు వేసేవాడు. ఆ బొమ్మల్లో వెలుగు ఎక్కడినుంచి వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు. దీపం లేని గదిలో పెట్టినా పదిమంది భోజనం చెయ్యచ్చు. సరే, పదిమంది కాదు. ఇద్దరు.

కాని చూడనిది వెయ్యడు. ఇదే ఆయనతో వచ్చిన తంటా. దసరా పందిట్లోకి అమ్మవారి పటం వెయ్యమని కమిటీ పెద్దలు కాఫీ తాగి, ఇంకో కాఫీ తాగి అడిగితే, "ఆయమ్మని నాను సూణ్ణేదండి. ఓపాలి తీసుకురండి, కూకోబెట్టి ఏత్తాను" అన్నాడు. వాళ్ళు మా నాన్నతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

తెల్లవారితే మా కాలనీలో ప్రతి ఇంటి ముందూ బకెట్ పొయ్యి బయటికొచ్చేది. పిడకలు, బొగ్గులు పేర్చి అంటిస్తే లేచే పొగలో ఎదురింటివాడు కనబడేవాడు కాదు. మనం పలకరించింది మనవాడినేనని మాట వినపడ్డాక తెలిసేది. పొగ పోయి బొగ్గు ఎర్రబడ్డాక, హేండిలు పట్టుకుని పొయ్యిని లోపలికి మోసుకెళ్ళి, అమ్మ దాని ముందు పీట వేసుకునేది. తూర్పు కిటికీలోంచి ఎండ సరిగ్గా అప్పుడే దిగేది. అన్నం ఉడుకుతుంటే గరిటెతో రెండు మెతుకులు తీసి, వేళ్ళ మధ్య నొక్కి చూసేది. గంజి వాసన, బొగ్గు వాసన, పక్కింటి ఆవనూనె వాసన కలిసి వంటింట్లో ఇంకో మనిషిలా నిలబడి ఉండేవి. ఒక ఫాల్గుణంలో నైట్ డ్యూటీ దిగి వచ్చిన చిన్నాన్న ఆ గుమ్మంలో ఆగిపోయి, "వదినా, కదలకు" అన్నాడు.

అమ్మ కదల్లేదు. పాము వచ్చిందనుకుంది. బొమ్మ కోసమని తెలిశాక పెద్ద రభస అయింది. ఆయనకి ముఖం కావాలి. ఆవిడకి ప్రాణం పోయినా వద్దు. మా ఇంటి గోడ మీద అప్పటికే నానమ్మ, తాతయ్య, అమ్మ తరపు తాతయ్య వరసగా దండలు వేసుకుని కూర్చున్నారు. బతికున్నవాళ్ళ పటం గోడకెక్కించడం మావాళ్ళలో లేదు.

"గోడెక్కించేరంటే దండకి దారి సూపించీసినట్టే" అంది అమ్మ గరిటె ఊపుతూ. "నానెల్లి ఆల పక్కన కూకోవాలా? నాకింకా ఇద్దరు గుంటలున్నారయ్యా."

"మరెలాగ వదినా? ఈ ఎండ మల్లా దొరకదు."

"ఈపు ఏసుకో. ఈపుకి దండ ఎవుడేత్తాడు?"

అలా కుదిరింది ఒప్పందం. ఆ ఎండ రోజుకి పావుగంట ఉండేది. అందుకని బొమ్మ ఇరవై రోజుల పైన పట్టింది. అన్ని రోజులూ అదే ఆకుపచ్చ నేతచీర. రోజూ మధ్యాహ్నం ఉతికి ఆరేసి, పొద్దున్నే కట్టుకునేది. అన్నిసార్లు ఉతికేసరికి చీర వెలిసింది. చీర వెలిసిందని చిన్నాన్న బొమ్మలో చీర మళ్ళీ వేశాడు. మెతుకు పట్టుకున్న చెయ్యి అలా పైకెత్తి ఉంచాలి, ఎందుకంటే ఎండ ఆ వేళ్ళ మధ్యనుంచి వస్తోంది.

"ఆవిరి వత్తంది వదినా, ఉండుండు!"

"అన్నం అడుగంటేత్తందయ్యా! నీ ఆవిరి నా కొంప ముంచేత్తంది!"

ఆ నెలలో నేను తిన్న మాడంతా పోగేస్తే దల్మా కొండ పక్కన రెండో కొండ లేచేది. కాని బొమ్మ పూర్తయి, తలుపు పక్కన గోడకి మేకు కొట్టి తగిలించిన రోజున అందరం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. జారిపోతున్న ముడి, మెడ మీద అంటుకున్న వెంట్రుకలు, భుజం పక్కనుంచి లేస్తున్న ఆవిరిలో ఎండ పొడి. పైకెత్తిన వేళ్ళ మధ్య ఒక్క మెతుకు, అది అంటుకుని వెలుగుతున్నట్టు. పై మూలకి, బొమ్మలోని గోడ మీద అరచేయంత ఎండ మరక, దాని మీద మూడు కిటికీ చువ్వల నీడ. పక్కింటి బెంగాలీ మాసీమా మర్నాడు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఓ దీదీ" అని ఆ బొమ్మని పంచదార అడిగింది. రెండుసార్లు అడిగింది. జవాబు రాలేదని అలిగి వెళ్ళిపోయింది. ఆ సమయంలో మా అమ్మ పెరట్లో ఉంది. వారం తరవాత సంగతి తెలిసి సంజాయిషీ చెబితే, మాసీమా నమ్మకపోగా ఇంకో వారం అలిగింది.

అమ్మ ఆ బొమ్మని చూసి బాగుందని గాని, బాగులేదని గాని అనలేదు. రెండు రోజులు చూసి, దానికో పని అప్పగించింది. మా ఇంట్లో ఉన్న అలారం గడియారం బోర్లా పడుకోబెడితేనే నడిచేది. టైము చూద్దామని ఎత్తితే ఆగేది. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. చేతి గడియారం ఆయన చేతికుండేది గాని, అది ఆయన కంటే ఎక్కువ సెలవులు పెట్టేది. ఈ పరిస్థితుల్లో అమ్మ గమనించింది ఏమిటంటే, కిటికీలోంచి వచ్చే అసలు ఎండ గోడ మీద దిగుతూ దిగుతూ బొమ్మ మీదికొచ్చి, బొమ్మలోని ఎండ మీద సరిగ్గా కూర్చుంటోంది. చువ్వల నీడ మీద చువ్వల నీడ. అది కూర్చున్న క్షణంలో నాన్న గడప దాటితే షెడ్డులో హాజరు వేళకి ఉంటున్నాడు. ఇంకేం? "ఎండలో ఎండ కలిసిందండీ!" అని అమ్మ కేకేసేది. నాన్న సైకిలెక్కేవాడు. లోకంలో ఏ రాజుగారికీ ఇలాంటి గడియారం లేదని మేము విర్రవీగాం.

చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చింది. ఒక పొద్దున్న నాన్న చెప్పులేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఎండ వచ్చింది. బొమ్మకి జానెడు ఎడంగా దిగింది, అలాగే కిందికి జారిపోయింది, బొమ్మని పలకరించనైనా లేదు. నాన్న నిలబడే ఉన్నాడు. అమ్మ, "వత్తాదిలెండి, వత్తాది" అంటూనే ఉంది. ఎండ నేల మీదికి దిగి బియ్యం డబ్బా దాకా పోయాక గాని ఇద్దరికీ అనుమానం రాలేదు. షెడ్డులో ఫోర్మన్ ఎందుకు ఆలస్యమని అడిగితే, అబద్ధం చెప్పడం రాని మా నాన్న, "సాబ్, ధూప్ నహీ ఆయా" అన్నాడు. ఎండ అందరిళ్ళకీ వచ్చిందే, నీ ఇంటికి మాత్రం సెలవు పెట్టిందా అని ఫోర్మన్ అడిగిన మాట షెడ్డంతా ఏడాదిపాటు చెప్పుకుంది.

అమ్మకి తన తప్పేమీ కనబడలేదు. చిన్నాన్నని నిద్రలేపి నిలదీసింది. "నీ ఎండ తప్పయ్యా, సింహాచలం. దిద్దు."

చిన్నాన్న వచ్చి బొమ్మని చూశాడు, గోడని చూశాడు, కిటికీని చూశాడు. "నా ఎండ ఆ రోజుది వదినా. ఆ రోజు ఎక్కడుందో ఎప్పుడూ అక్కడే ఉంటాది. జరిగింది సూరీడు. ఎల్లి ఆడికి సెప్పు."

అమ్మ సూర్యుడి జోలికి వెళ్ళలేదు. సుత్తి తెచ్చి, ఇంకో మేకు కొట్టి, ఎండ దిగే చోటికి బొమ్మని జరిపింది. నెల తరవాత మళ్ళీ జరిపింది. ఏడాది తిరిగేసరికి ఆ గోడ మీద మేకులు ఏటవాలుగా ఒక వరస కట్టాయి. ఎండాకాలం మేకు కిందికి, ఎడమకి. చలికాలం మేకు పైకి, కుడికి. వెళ్ళిన దారినే వెనక్కి వచ్చేది బొమ్మ. వానాకాలం మూడు నెలలూ ఎండే ఉండేది కాదు కాబట్టి నాన్న దేవుడి దయ మీద వెళ్ళేవాడు. పంచాంగం చూసి తిథి చెప్పేవాళ్ళున్నారు గాని, వీపు ఏ మేకున ఉందో చూసి ఇది ఏ నెలో చెప్పగలిగింది ఒక్క మా ఇంటివాళ్ళమే. తరవాత్తరవాత ఇంట్లోకి అసలైన గోడ గడియారం వచ్చింది. అమ్మ దాన్ని బొమ్మతో సరిచూసి, "పర్లేదు, బాగానే సూపిత్తంది" అని మెచ్చుకుంది.

నాన్న రిటైరై క్వార్టరు అప్పగించినప్పుడు మేకులన్నీ గోడకే వదిలేసి వచ్చాం. అదే ఊళ్ళో, బిర్సానగర్‌లో శీను కట్టిన ఇంట్లో వంటిల్లు పడమటి వేపు. అందులోకి తూర్పు ఎండ రాదు. బొమ్మ కొన్నాళ్ళు తలుపు వెనక ఉంది, కొన్నాళ్ళు మంచం కింద ఉంది, ఆఖరికి పాత దుప్పటి చుట్టుకుని బీరువా మీదికెక్కింది. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి మేమూ పట్టించుకోలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు మిగతా పేజీలన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

రైలు దిగిన మర్నాడు నేను గోవింద్‌పూర్ వెళ్ళేసరికి చిన్నాన్న వరండాలో కూర్చుని జాంకాయ బొమ్మ వేస్తున్నాడు. కంటి ఆపరేషను అయింది, చెయ్యి వణుకుతోంది, పని నెమ్మదించింది. బొమ్మ మొదలుపెట్టినప్పుడు జాంకాయ దోరగా ఉందట. ఇప్పుడు నల్లబడి, చీమలు పట్టి, సగం కూలిపోయి ఉంది. ఆయన ఆ చీమల్ని ఒక్కొక్కదాన్నీ వేస్తున్నాడు.

"ఏటే గుంటా, ఎప్పుడొచ్చేవు?" అన్నాడు, యాభై దాటిన నన్ను.

"నిన్న. చిన్నాన్నా, అమ్మ ముఖం వెయ్యాలి నువ్వు. ఆదివారం సంవత్సరీకం."

కుంచె పక్కన పెట్టాడు. "ఎక్కడుంది?"

"ఎవరు?"

"మీ యమ్మ. ఎదర కూకోబెట్టు. ఏత్తాను."

నాకు ఒళ్ళు మండింది. "నలభై ఏళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నావు. ముఖం గుర్తు లేదా నీకు?"

"గుర్తుంది. అందికే ఎయ్యను." అని జాంకాయ కేసి తిరిగాడు. "గుర్తున్నదాన్ని ఏత్తే నాకు నచ్చినట్టు ఏసేత్తానే. కూసింత నవ్వు ఎట్టేత్తాను. నుదుట గీతలు తీసేత్తాను. అప్పుడది మా వదిన కాదు, నానల్లుకున్న మనిషి. మీ నాన్న ఎదర దాన్నెట్టి మోసం సెయ్యమంటావా?"

ఆధార్ ఫొటో చూసి నాన్న అన్న మాట చెప్పాను. చిన్నాన్న నవ్వలేదు. "పాత బొమ్మ ఎక్కడెట్టేరు?" అన్నాడు.

"బీరువా మీద."

"అక్కడ ఎండ తగల్దు కదే."

ఆయన మళ్ళీ కుంచె తీసుకుని, చీమ కాలు ఒకటి పూర్తి చేశాక అన్నాడు: "ముకం కోసం ఇంత దూరం వొచ్చేవు గాని, ఆయమ్మ మీకెప్పుడు ముకం సూపించిందే?"

బిర్సానగర్ దాకా ఆటోలో ఆ ప్రశ్న నా పక్కనే కూర్చుని వచ్చింది. నిజమే. నా చిన్నతనమంతా నేను మాట్లాడింది ఆ వీపుతోనే. ఆకలని చెప్పింది వీపుకి. లెక్కల్లో తప్పిన సంగతి చెప్పింది వీపుకి, ఒక చెయ్యి గుమ్మం మీద వేసి, అవసరమైతే పరిగెత్తడానికి వీలుగా. నేను అబద్ధమాడితే ఆ కుడి భుజం ఒక్క అంగుళం పైకి లేచేది. నాన్నకి షెడ్డులో గొడవైన రోజున ముడి ఇంకాస్త బిగిసేది. నవ్వొస్తే మెడ వెనక తెలిసేది. వెనక్కి తిరగకుండానే నా చేతిలో ఏముందో, నా మనసులో ఏముందో చెప్పేసేది. ఆవిడ వెనక్కి తిరిగితే అన్నం అడుగంటుతుంది, అంతే కారణం. ఇప్పుడు నా కూతురు రోజూ రాత్రి ఫోన్లో నా ముఖం చూస్తుంది. నా ముఖంలో ఏ ముడత ఏ వారం వచ్చిందో దానికి తెలుసు. నా వీపు ఎలా ఉంటుందో దానికి తెలియదు. వంట చేస్తున్న నా వెనక నిలబడి అది ఎప్పుడూ ఏమీ దాచుకోలేదు, ఏమీ బయటపెట్టుకోలేదు. అప్పుడు బాగుండేదని గాని, ఇప్పుడు బాగుందని గాని తేల్చే తెలివి నాకు లేదు. ముఖాలు బోలెడు పోగయ్యాయి గాని, ఆవిరిలో అలా పైకెత్తిన చెయ్యి మాత్రం మా ఇళ్ళలో ఎవరికీ లేదని తెలుసు.

ఆదివారం పొద్దున్న శీను ఆధార్ పటాన్ని పీట దగ్గరికి తెచ్చాడు. నేను దుప్పటి విప్పాను. బొమ్మ మీద వేలెడు మందాన దుమ్ము. తడిగుడ్డతో తుడుస్తుంటే మొదట మెతుకు వెలిగింది, తరవాత వేళ్ళు, తరవాత ఎండ. శీను కూతురు వచ్చి, "దాదీ హై క్యా?" అంది. నానమ్మేనా అని వీపు చూసే అడిగింది. శీను చేతిలోని పటాన్ని గోడవేపు తిప్పి పెట్టేశాడు.

పురోహితుడు గారు పెద్దమనిషి. పీట మీది బొమ్మని ఇటునుంచి చూశారు, అటునుంచి చూశారు, "ముఖమేదమ్మా?" అని గొంతు తగ్గించి అడిగారు. పనిలో ఉందండీ అందామని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. తంతు నడిచింది. చివర్లో శీను బంతిపూల దండ తెచ్చి బొమ్మకి వేశాడు. దండ జారిపోతున్న ముడిని కప్పేసి, భుజాల మీదుగా దిగి, కింద బొమ్మలోని పొయ్యి మీద కుప్పగా పడింది. అంతసేపూ కుర్చీలో కదలకుండా కూర్చున్న నాన్న ముందుకి వంగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ఈసారి ఎవరని అడగలేదు.

"తియ్యండ్రా" అన్నాడు.

"ఏటి నాన్నా?"

"ఆ దండ తియ్యి. పొయ్యి కాడ కూకుంది. అంటుకుంటాది."

శీను నా కేసి చూశాడు. నేను దండ తీసి పళ్ళెంలో పెట్టాను. పురోహితుడు గారు బొమ్మ వేపు ఒకసారి చూసి, ఎవరూ అడక్కుండానే, ఆ పళ్ళేన్ని పొయ్యికి ఇంకాస్త దూరంగా జరిపారు.